బరంపురంలో మా సంఘం చేతులు మారిన వైనం

నిన్ననే కొత్త కార్యవర్గం సంతకాలతో మా కులసంఘం బ్యాంకు ఖాతా నడిచింది. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగు కులసంఘాలు, సమాజాలు నడిపేవాళ్లకు పనికొస్తుందని వేడిమీదే రాస్తున్నాను.

మా దగ్గర కులపెద్దరికం తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. అమ్మవారి సంబరంలో తొలి తాంబూలం ఆ ఇంటికే, పెళ్లి పిలుపు మొదట ఆ గుమ్మానికే. డబ్బుపెట్టె తాళంచెవి కూడా అక్కడే ఉండేది. కుర్రాళ్ల పేచీ అంతా తాళంచెవి గురించే తప్ప తాంబూలం గురించి కాదు. అందుకే నియమావళిలోనే రెండూ విడదీశాం. తాంబూలం, ముహూర్తం పెద్దగారివి. చందా, రసీదు, చెక్కు ఎన్నికైన కార్యవర్గానివి. ఏ మర్యాద ఎవరిదో వరసగా రాయించండి, నోటిమాట చాలదు. తన తాంబూలం కాగితం మీద కనబడ్డాకే మా పెద్దాయన "సరే నాయనా, లెక్కలు మీరే చూసుకోండి" అన్నారు.

ఎన్నిక తేలికే. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం మూడు నెలలకు మించి చందా బకాయిపడ్డవాళ్లకు ఓటు లేదు. కాబట్టి నోటీసుతోపాటే బకాయిల జాబితా గోడకు అంటించండి, తగువు అక్కడే తీరుతుంది. పిల్లల చదువుకు సాయం లాంటి కొత్త ఆశయం చేర్చాలంటే 12వ సెక్షన్ చూడాలి. ప్రతిపాదన పది రోజుల ముందే ప్రతి సభ్యుడికీ రాతలో అందాలి, సభ్యుల్లో ఐదింట మూడొంతుల మంది ఒప్పుకోవాలి, నెల గడిచాక రెండో సభలో హాజరైనవాళ్లలో అంతే మెజారిటీతో ఖాయం కావాలి. కార్యవర్గం పేర్లు, చిరునామాలు, వృత్తులతో జాబితా వార్షిక సర్వసభ్య సమావేశం అయిన 14 రోజుల్లోగా రిజిస్ట్రారుకు వెళ్లాలి. మీ నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకోకుండా కదలొద్దు.

అసలు అవమానం బ్యాంకులో. మనకు ఇంటిపేరు ముందు, అదీ పొడి అక్షరంలో. ఇక్కడి రికార్డుల్లో ఇంటిపేరు చివర. తెలుగు మినిట్స్‌లో, అంటే సభ నిర్ణయాలు రాసుకునే పుస్తకంలో, "కె. రామారావు" అని ఉన్న మనిషి ఆధార్‌లో "రామారావు కొర్లం", పాన్‌లో "కొర్లం రామరావు" అవుతాడు. గుమాస్తా కాగితాలు వెనక్కి తోసి, వరసలో నిలబడ్డ జనం అందరూ వినేలా "ఇది ఒక మనిషా, ముగ్గురా?" అన్నాడు. సంబరంలో ఊరంతా చేతులు జోడించే పెద్దాయన పక్కనే నిలబడి ఉన్నారు. కూర్చోమన్నవాడు లేడు. ఏ కాగితం తక్కువైందో రాసిమ్మంటే రాసివ్వడు, వెళ్లిన ప్రతిసారీ కొత్తదొకటి అడుగుతాడు. మా సంఘం డబ్బు మేం తీసుకోడానికి దొంగల్లా నిలబడాల్సి వచ్చింది. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

చివరికి పని జరిగిన దారి ఇది. తీర్మానంలోనే ప్రతి పేరూ ఆధార్‌లో ఉన్నట్టు రాసి, పక్కన "అలియాస్" పెట్టి వాడుకపేరు చేర్చాం. ముగ్గురూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ జతచేశాం. తెలుగు మినిట్స్‌కు ఇంగ్లీషు నకలు పెట్టి, ప్రతి పేజీకీ అధ్యక్ష కార్యదర్శుల సంతకం, సంఘం ముద్ర వేశాం. పాత సంతకందార్లు దిగిపోతున్నట్టు ఉత్తరం, రిజిస్ట్రేషన్ పత్రం, నియమావళి, సంఘం పాన్, ముద్రపడ్డ జాబితా, అన్నీ ఒకే ఫైలులో ఇచ్చాం. ఇచ్చిన ప్రతి కాగితానికీ రసీదు అడగండి, అడిగినవాడికి మర్యాద దొరుకుతుంది. ఆఫీసుల బయట తయారు తీర్మానాలు అమ్మే దళారుల మొహం కూడా చూడొద్దు. వాటిలో సభ తేదీకీ నోటీసు తేదీకీ పొంతన ఉండదు.

ఖాతా మారేదాకా పాతవాళ్ల సంతకమే చెల్లుతుంది. కాబట్టి కరెంటు బిల్లు, కాపలావాడి జీతం, సంబరం అడ్వాన్సు ముందే కట్టించేయండి.

అప్పగింత జాబితా మీద దిగిపోయేవాళ్లూ వచ్చేవాళ్లూ ఇద్దరూ సంతకం పెట్టాలి. మినిట్స్ పుస్తకాలు, రసీదుబుక్కుల కౌంటర్‌ఫాయిళ్లు, స్థలం పట్టా, పన్ను రసీదులే కాదు, సామాను గది కూడా రాయండి. మా ఇత్తడి గుండిగల అంచు మీద దాతల పేర్లు చెక్కి ఉన్నాయి, ఒక్కో పేరూ చదువుతూ రాశాం. దాతల మనవలు అదే గదిలో నిలబడి చూశారు.

బ్యాంకులో మొబైల్ నంబరు మార్పు ఫారం వేరుగా ఇవ్వాలి. సంతకాలు మారినా ఓటీపీ పాత కార్యదర్శి ఫోనుకే పోతుంటుంది.