ముద్రణకు ముందు లోయ నీడలు
తానే వెలుగుతూ దృశ్యాన్ని చూపే తెరకూ, తనపై పడిన కాంతిని మాత్రమే తిప్పి పంపే కాగితానికీ ఎంత తేడా ఉందో ఒక కొండ లోయ ఫొటోను ముద్రణకు సిద్ధం చేస్తుండగా నాకు బాగా తెలిసివచ్చింది. మానిటర్ వెలుతురును చదరపు మీటరుకు 100 క్యాండెలాల దగ్గరకు తగ్గించి, మెరుపు లేని మ్యాట్ కాగితంపై రంగులు ఎలా వస్తాయో చెప్పే ఐసీసీ ప్రొఫైల్ అనే ఫైలుతో సాఫ్ట్ ప్రూఫింగ్ చేసి, అంటే ముద్రణ ఎలా ఉంటుందో తెరపైనే అనుకరించి చూస్తే, లోయ అడుగున చెట్లన్నీ ఒకే నల్లటి ముద్దగా కలిసిపోయాయి. ఫొటో మొత్తాన్ని వెలిగించడం సులువే, కానీ అలా చేస్తే పొగమంచు పలచబడి దూరపు కొండల లోతు పోతుంది. అది నాకు సమ్మతం కాదు. అందుకే మార్పు ఆ చెట్ల భాగానికే పరిమితమయ్యేలా మాస్క్ వేసి, కొమ్మలు విడివిడిగా కనిపించేంత వరకే నీడలను పైకి తెచ్చాను. అంగుళానికి 300 పిక్సెళ్లు వచ్చేలా పరిమాణం మార్చాకే పదును పెంచి, ముందుగా ఆ చెట్ల భాగాన్ని మాత్రం చిన్న ముక్కపై ముద్రించి చూడబోతున్నాను.