మంచు సరస్సు మీద మొదటి కైట్: ఎంపిక నుంచి తొలి పరుగు దాకా

అమెరికాలోని మినెసోటాలో జనవరి నాటికి సరస్సులన్నీ గడ్డకట్టి మైదానాల్లా పరుచుకుంటాయి. వాటి మీద స్కీలు కట్టుకుని, నడుముకు పెద్ద కైట్ తగిలించుకుని గాలి లాగినంత దూరం జారుతూ పోవడమే స్నోకైటింగ్. నార్వేలో హార్డాంగర్‌విడ్డా పీఠభూమి, ఫ్రాన్స్‌లో రెండు వేల మీటర్ల పైన ఉన్న కోల్ దు లోటారె కనుమ దీనికి పేరుపడ్డ చోట్లు. మా వైపు మిల్ లాక్స్ లాంటి సరస్సులున్నాయి. నేను కైట్ ఎంచుకున్న లెక్క, నేర్చుకున్న వరుస ఇక్కడ రాస్తున్నాను. ఆ వరుసంతా ఒక్క నియమం మీద నడిచింది: కైట్ బలాన్ని తీసెయ్యడం ముందు చేతికి రావాలి, బలాన్ని వాడుకోవడం ఆ తర్వాత. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు, దెబ్బలు తగిలేది అక్కడే.

సైజు ఎందుకు ముఖ్యమో ముందు చెప్తాను. గాలి లాగే బలం వేగం పెరిగినంతే పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 10 మైళ్ల గాలి 14 అయితే లాగుడు దాదాపు రెట్టింపు. 20 అయితే నాలుగింతలు. దీనికి చలి కూడా తోడవుతుంది. మైనస్ 20 డిగ్రీల గాలి, ప్లస్ 20 డిగ్రీల గాలి కంటే సుమారు 15 శాతం చిక్కన. కాబట్టి వేసవిలో పార్కులో తేలిగ్గా అనిపించిన కైటే జనవరిలో అంతే గాలికి ఇంకాస్త గట్టిగా లాగుతుంది. పైగా గట్టి మంచు మీద స్కీలకు రాపిడి దాదాపు ఉండదు. నీళ్ల మీద కైటింగ్ చేసేవాళ్లు చెప్పే సైజులు ఇక్కడ పనికిరావు. 70 నుంచి 80 కిలోల మనిషికి, 10 నుంచి 15 మైళ్ల గాలికి, గట్టి మంచు మీద నేర్చుకోవడానికి 6 లేదా 7 చదరపు మీటర్లు చాలు. మోకాలి లోతు మెత్తటి మంచులోనైతే అది లాగదు. లాగకపోయినా ఫరవాలేదు, నేర్చుకునే దశలో పెద్ద కైట్ జోలికి పోవద్దు.

రకాల సంగతికొస్తే, గొట్టాల్లోకి పంపుతో గాలి కొట్టే కైట్లు నీళ్ల కోసం పుట్టినవి. చలిలో పంపు పట్టుకుని నిలబడటం ఒక శిక్ష. గరుకు మంచుగడ్డ మీద ఈడిస్తే గుడ్డ అరిగిపోతుంది. ఫాయిల్ కైట్‌కు పంపు అక్కర్లేదు, ముందు అంచున ఉన్న గదుల నోళ్లలోంచి గాలి తనే నిండుతుంది. వీటిలో గదుల నోళ్లు తెరిచి ఉండేవి మంచుకు సరైనవి: దించగానే గాలి వదిలేసి చదునుగా పడుకుంటాయి. నోళ్లు మూసి ఉండే రకం నీళ్లలో పడ్డా తేలుతుంది గానీ, దించాక గాలి త్వరగా పోదు. ఫ్లైసర్ఫర్ పీక్ లాంటి ఒంటిపొర కైట్లు చాలా తేలిక, చిన్న సంచిలో ఇమిడిపోతాయి. కానీ బార్ (చేతులతో పట్టుకుని కైట్‌ను నడిపే కడ్డీ) వదిలినప్పుడు టపటపా కొట్టుకుంటాయి, కొత్తవాళ్లు దానికి బెదురుతారు. నేను మొగ్గింది ఓజోన్ యాక్సెస్ తరహాకు: తెరిచిన గదులు, నాలుగు లైన్లు, బార్‌తో బలం తగ్గించే ఏర్పాటు. నన్నడిగితే మొదటి కైట్‌గా దీన్ని మించింది లేదు.

పాతది కొంటే రెండు పరీక్షలు చెయ్యండి. గుడ్డకు నోరు ఆనించి గట్టిగా పీల్చండి. గాలి సులువుగా వచ్చేస్తుంటే గుడ్డ పూత పోయినట్టే. తర్వాత నాలుగు లైన్ల కొసలూ ఒకే స్తంభానికి కట్టి, ట్రిమ్ (ముందు లైన్ల పొడవు సర్దే పట్టీ) పూర్తిగా వదిలి, బార్‌ను ఒంటివైపు లాక్కుని సమంగా బిగించండి. ఎక్కువ బరువు మోసేవి ముందు లైన్లే కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ అవి సాగుతాయి. అంటే వెనక లైన్లు లెక్కకు పొట్టివైపోయినట్టు. అలాంటి కైట్ పైకి లేచి, నిలబడలేక వెనక్కి వెనక్కి జారి పడుతుంది. కొత్తవాళ్లు తమకింకా చెయ్యి తిరగలేదనుకుంటారు, లోపం లైన్లలో ఉంటుంది. కొలత తేడా రెండు మూడు సెంటీమీటర్లున్నా సరిచేయించుకోవాలి.

బార్ దగ్గర ఎంతసేపు గడిపినా తక్కువే. మధ్యలోంచి దిగే తాడు చివర ఒక లూపు ఉంటుంది, దాన్ని చికెన్ లూప్ అంటారు. ఒంటికి కట్టుకునే పట్టీల (హార్నెస్) కొక్కేనికి తగిలేది అదే. దాని మీద ఉండే ఎర్రటి పట్టు క్విక్ రిలీజ్. అవతలికి నెడితే లూపు విడిపోయి, కైట్ బరువు లీష్ (హార్నెస్‌కు కట్టిన భద్రతా తాడు) ద్వారా ఒక్క లైను మీదకు వెళ్తుంది, కైట్ జెండాలా ఊగి కూలిపోతుంది. అప్పటికీ లాగుతుంటే లీష్‌కు ఇంకో రిలీజ్ ఉంటుంది, దాంతో కైట్ మొత్తం పోతుంది. పోనివ్వాలి. ఈ రెండూ ఇంట్లో, కళ్లు మూసుకుని, మంచు గ్లోవ్స్ తొడుక్కుని చెయ్యగలిగాకే నేను సరస్సు మీదకు వెళ్లాను. గ్లోవ్స్ విషయం చిన్నదిగా తీసుకోకండి: లావు మిటెన్‌తో పట్టు దొరక్కపోతే ఆ గ్లోవ్స్ మార్చాలి. రిలీజ్ సందుల్లో కరిగిన మంచు మళ్లీ గడ్డకడుతుంది, అందుకే ఎగరేసే ముందు ప్రతిసారీ ఒకసారి నెట్టి, మళ్లీ బిగించి చూసుకోవాలి.

హార్నెస్ నడుముకే కట్టేది కాకుండా తొడల చుట్టూ పట్టీలున్న సీటు రకం తీసుకున్నాను. కొత్తవాళ్లు కైట్‌ను ఎక్కువగా నెత్తి మీదే ఉంచుతారు, అప్పుడు నడుము హార్నెస్ పక్కటెముకల దాకా ఎగబాకుతుంది. హెల్మెట్, కళ్లద్దాలు, లైన్లు కోసే చిన్న కత్తి తప్పనిసరి. బిగుసుకున్న డైనీమా లైను వేలిని కోసేస్తుంది, ఏ పరిస్థితిలోనూ చేతికి చుట్టుకోకూడదు. బోర్డు కంటే స్కీలు తేలిక, నిలబడ్డ చోటే దిశ మార్చుకోవచ్చు.

సాధన మొదలవ్వాల్సింది గడ్డి మీద, వేసవిలోనే. 2 నుంచి 3 చదరపు మీటర్ల, మూడు లైన్ల ట్రెయినర్ కైట్ చాలు. గాలికి వీపు పెట్టి నిలబడితే నెత్తి మీది స్థానం 12 గంటలు, రెండు పక్కల నేలకు దగ్గరగా 9, 3. ఎదురుగా కిందుగా ఉన్న భాగమంతా పవర్ జోన్, అక్కడ కైట్ దూసుకెళ్తే మనిషిని పీక్కుపోతుంది. 10 దగ్గర, 2 దగ్గర కైట్‌ను కదలకుండా నిలపడం, దాని వైపు చూడకుండా నడవడం, ఒంటిచేత్తో తిప్పడం వచ్చేదాకా మంచు ఊసెత్తొద్దు.

సంక్రాంతికి మేడల మీద పతంగి ఎగరేసిన మనలాంటివాళ్లకు ఇక్కడ ఒక అలవాటు అడ్డొస్తుంది. పతంగికి లాగితే ఎక్కుతుంది, ఢీల్ ఇస్తే గాలివాటుగా దూరం పోతుంది. అందుకని ఏ గడబిడ వచ్చినా మన చెయ్యి ముందు లాగుతుంది. నాలుగు లైన్ల కైట్‌లో బార్‌ను దగ్గరికి లాక్కుంటే బలం పెరుగుతుంది, నెడితే తగ్గుతుంది. భయంలో పిడికిలి బిగిసి బార్ ఛాతీకి వస్తే, ఆపాలనుకున్న మనిషే కైట్‌కు బలం ఇస్తున్నట్టు. అందుకే పాసా లేదా ఐకేఓ అనే కైటింగ్ సంస్థల గుర్తింపున్న శిక్షకుడి దగ్గర మొదటి పాఠాలు తీసుకోమంటాను. పక్కన నిలబడి ‘వదిలెయ్, వదిలెయ్’ అని అరిచే మనిషి ఆ రెండు క్షణాల్లో చాలా అవసరం.

చోటు, గాలి, మంచు ఈ మూడూ కుదరాలి. నేర్చుకోవడానికి 8 నుంచి 14 మైళ్ల నిలకడైన గాలి బాగుంటుంది. సగటు 10 ఉండి విసురు 18 వస్తుందని సూచన ఉంటే ఆ రోజు ఇంట్లోనే ఉంటాను. ఆ విసురులో బలం మూడింతలు దాటుతుంది. గాలి పోయే దిశలో కనీసం 200 మీటర్లు చెట్లు, కరెంటు తీగలు, చేపలు పట్టేవాళ్ల గుడిసెలు ఉండకూడదు. నీళ్లు గడ్డకట్టకుండా మిగిలిన భాగం ఆ దిశలో ఉంటే అస్సలు వద్దు.

మంచుగడ్డ విషయంలో మినెసోటా సహజ వనరుల శాఖ నడిచే మనిషికి కనీసం 4 అంగుళాల పారదర్శకమైన కొత్త గడ్డ ఉండాలంటుంది. తెల్లగా పాలిపోయిన గడ్డకు అంతకు రెట్టింపు కావాలి. ఒక్కచోట రంధ్రం చేసి చూస్తే సరిపోదు, ప్రతి 150 అడుగులకూ కొలవమంటారు. కైట్ మీద నిమిషంలో ఆ దూరాలన్నీ దాటేస్తాం కాబట్టి, తిరగబోయే మేరంతా ముందే నడిచి కొలవాలి. పైన దట్టంగా మంచు పేరుకున్న చోట చలి కిందికి దిగక గడ్డ పల్చగా ఉంటుంది. వాగులు కలిసే మూలలు, గడ్డలు ఒకదాన్నొకటి తోసుకుని లేచిన గట్లు దూరం నుంచే తప్పించుకోవాలి. మెడలో ఐస్ పిక్స్ (నీళ్లలో పడితే గడ్డలో గుచ్చి పైకి పాకడానికి వాడే మొనదేలిన పిడులు) వేలాడాలి, ఒక్కరే వెళ్లకూడదు.

ఎగరేసే వరుస ఇది. కైట్ వెనక అంచు గాలికి ఎదురుగా ఉండేలా వెల్లకిలా పరిచి, ఆ అంచు మీద దోసిళ్లతో మంచు వేస్తాను. లైన్లు విప్పుకుంటూ గాలికి ఎదురు నడిచి, ఒక్కొక్క లైనూ వేళ్ల మధ్య నుంచి జార్చి చూస్తాను. బార్ ఎర్ర కొస ఎడమవైపు. ముందు లీష్, తర్వాత చికెన్ లూప్. కైట్‌కు సరిగ్గా ఎదురుగా కాకుండా కొన్ని అడుగులు పక్కకు జరిగితే అది ‘గాలి కిటికీ’ (కైట్ ఎగరగలిగే మేర) అంచు నుంచి లేస్తుంది, పవర్ జోన్ నడుమ నుంచి దూసుకురాదు. బార్ నెట్టి ఉంచి ముందు లైన్లు మెల్లగా లాగితే మంచు రాలిపోయి కైట్ నిండుతుంది. మొదటిసారి స్కీలు లేకుండా, బూట్లతోనే. కైట్ నిలబడగానే కావాలనే క్విక్ రిలీజ్ నెట్టి కూల్చాలి. అది నిజంగా పనిచేస్తుందని చెయ్యికి తెలియాలి.

స్కీలు కట్టాక, వాటిని గాలికి అడ్డంగా పెట్టి కైట్‌ను 12 నుంచి 1 దాకా, ఆపై 2 దాకా నిదానంగా దించితే కదలిక మొదలవుతుంది. చూపు కైట్ మీద కాదు, వెళ్లే దిక్కు మీద. ఆగాలంటే బార్ నెట్టి కైట్‌ను పైకి తెచ్చి, స్కీల అంచులు గాలివైపు తిప్పాలి. కానీ కైట్‌ను 12 దగ్గర పెట్టి కబుర్లు చెప్పుకుంటూ నిలబడొద్దు: ఒక విసురు వస్తే మనిషిని నిలువుగా లేపేస్తుంది. ఆగి ఉండాల్సి వస్తే కైట్‌ను నేల మీదకు దించాలి. రెండు వెనక లైన్లూ కలిపి లాగితే అది వెనక్కి నడుస్తూ దిగుతుంది. వెంటనే నడిచి వెళ్లి వెనక అంచు మీద మళ్లీ మంచు వెయ్యాలి.

మైనస్ 15 డిగ్రీల్లో గంటకు 25 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 25లా తగులుతుంది. వేళ్లు మొద్దుబారి రిలీజ్ పట్టు తెలియకపోతే, గాలి ఎంత బాగున్నా అప్పటికి ఆట ఆపెయ్యాలి. లైన్లను బార్ మీద ఎనిమిది ఆకారంలో చుడితే తర్వాతిసారి మెలికలు పడవు. కైట్‌ను తడితో సంచిలో కుక్కకుండా, గదుల్లో చేరిన మంచు దులిపి, ఇంట్లో ఎండ తగలని చోట విప్పి ఆరబెట్టాలి.