టొంగాట్‌లో చెల్లి ఇల్లు, కియర్స్‌నీలో రంగయ్యగారి దారి

దక్షిణాఫ్రికాలోని డర్బన్ విమానాశ్రయం ఊళ్లో లేదు, ఉత్తరాన చెరకు తోటల మధ్య ఉంది. అక్కడి నుంచి టొంగాట్ కారులో పావుగంట. హైవే ఎక్కిన కాసేపటికే దూరంగా ఒక తోట మొత్తం మండుతూ కనిపించింది. నేను కంగారుపడితే మా మరిదిగారు, "కోతకు ముందు ఆకు కాలుస్తారు వదినా, ఈ నెలల్లో ఇక్కడ మామూలే" అన్నారు. ఆ మసి ఎక్కడికి పోతుందో మర్నాడు తెలిసింది. చెల్లి పెరట్లో దండెం మీద ఆరేసిన స్కూలు చొక్కాల మీద సన్నటి నల్లటి పీచులు వచ్చి వాలుతున్నాయి. చేత్తో తుడిస్తే మరక పడుతుందట, నోటితో ఊదాలి. మా చెల్లి కూతురు బడి నుంచి వచ్చి ఎవరూ చెప్పకుండానే ఒక్కో చొక్కా ఊదుకుంటూ తీసి బుట్టలో వేసింది.

చెల్లి కుటుంబం ఇక్కడికి మిషనరీలుగా వచ్చింది. మా ఒంగోలు చుట్టుపక్కల చర్చి సంఘాలు కొన్ని కలిసి పంపాయి. ప్రతి ఆదివారం వాళ్ల పేరెత్తి ప్రార్థన చేస్తాం, నెలనెలా కానుక పంపుతాం, మూణ్నెల్లకోసారి రిపోర్టు చదువుకుంటాం. ఎన్ని గృహ కూడికలు, ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నారు, హాలు అద్దె ఎంత అన్నీ అందులో ఉంటాయి. ఆ రిపోర్టులో లేనిది చూద్దామనే నేను బయల్దేరాను.

తెలుగువాళ్లు ఈ నేల మీదికి సువార్త పని మీద రావడం ఇవాళ్టి మాట కాదు. మద్రాసు నుంచి ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ రేవుకు చేరింది. అప్పటి నుంచి 1911 దాకా సుమారు 1,52,000 మంది ఒప్పంద కూలీలుగా మన దేశం నుంచి నటాల్‌కు, అంటే డర్బన్ ఉన్న ఈ ప్రాంతానికి, వచ్చారు. చాలామంది మద్రాసు రాష్ట్రం వాళ్లే, అందులో మన తెలుగు జిల్లాల వాళ్లు ఎందరో. ఐదేళ్ల ఒప్పందం, మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగుల కూలి. ఒప్పందం తీరాక ఇక్కడే ఉండిపోతామంటే ఏడాదికి 3 పౌండ్ల పన్ను కట్టాలని 1895లో చట్టం చేశారు. నెలకు 10 షిల్లింగుల లెక్కన అది ఆరు నెలల కష్టం. 1914 దాకా ఆ పన్ను పోలేదు.

ఆ కూలీల్లో తెలుగు బాప్టిస్టులూ ఉన్నారు. వాళ్లకు కాపరి, అంటే పాస్టరు, కావాలని 1903లో జాన్ రంగయ్యగారు నెల్లూరు నుంచి భార్య కనకమ్మగారిని, పిల్లలను వెంటబెట్టుకుని ఓడలో వచ్చారు. ఆయన్ని పంపింది తెలుగు బాప్టిస్టుల సొంత హోమ్ మిషన్ సంఘం. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మా ఇళ్లల్లో చిన్నప్పటి నుంచీ చెబుతారు. కరువులో సగం చచ్చి సగం బతికిన మాదిగ పేటల జనం వాళ్లు. పాతికేళ్లు తిరిగేసరికి ఆ జనమే తమ కానుకలతో సముద్రం అవతలికి ఒక కుటుంబాన్ని పంపింది. అదే ఏడాది డిసెంబరు 27న కియర్స్‌నీ తేయాకు తోటల దగ్గర మొదటి సంఘం ఏర్పడింది.

చెల్లి ఇల్లు చిన్నదే. ముందు గదిలో సోఫా లేదు, గోడకు ఆనించి మడత కుర్చీలు పెట్టుకున్నారు. కూడిక రోజు అవి తెరుచుకుంటాయి. వంటగదిలో రెండు పెద్ద డేగిసాలు ఎప్పుడూ కడిగి బోర్లించి ఉంటాయి. ఈ ఇంట్లో వంట ఎప్పుడు ఎంతమందికో ముందుగా తెలియదు. ఇక్కడి ఇండియన్ల బిర్యానీలో పొట్టు తీయని మసూర్ పప్పు కూడా వేస్తారు. పొరుగింటి నాయుడు ఆంటీ దగ్గర చెల్లి అది నేర్చుకుంది. ఆ ఆంటీది తెలుగు వంశమే. ఆవిడకు తెలుగు రాదు, గుడికి వెళ్తుంది, చెల్లి కూడికలకు రాదు. కానీ పిల్లలకు జ్వరం వస్తే మొదట తలుపు తట్టేది ఆవిడే. అదంతా రిపోర్టులో ఎక్కడ రాస్తాం?

2021 జూలైలో ఈ రాష్ట్రమంతా అల్లర్లు జరిగాయి. దుకాణాలు దోచారు, రోడ్లు మూసేశారు. కొన్నిచోట్ల ఇండియన్లకూ నల్లజాతి వాళ్లకూ మధ్య నెత్తురు పారింది. అప్పుడు చెల్లివాళ్ల కూడికలో రెండు వర్గాల వాళ్లూ కలిపి వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. అది కాస్తా ఆగిపోయింది. ఒకరింటికి ఒకరు రావడానికి భయం. రాత్రిళ్లు వీధి మగవాళ్లు కాపలా కాస్తే, పిల్లలు కిటికీలు లేని నడవాలో పడుకున్నారట. మేము ఒంగోలు నుంచి ఫోన్ చేసి వచ్చేయమన్నాం. మరిదిగారు ఏమీ అనలేదు. చెల్లే, "ఇప్పుడు వెళ్లిపోతే ఇన్నాళ్లూ చెప్పినదంతా ఏమైపోతుంది?" అంది.

మరుసటి ఏడాది ఏప్రిల్‌లో వరదలు. నాలుగు వందల మందికి పైగా పోయారు. టొంగాట్‌కు నీళ్లిచ్చే ప్లాంటు దెబ్బతిని ఊరికి నెలల తరబడి కొళాయి రాలేదు. ట్యాంకర్ వస్తే బకెట్లతో క్యూ కట్టాలి. చెల్లి కొడుకు కారు డిక్కీలో డబ్బాలు వేసుకుని వాళ్ల నాన్నతో వెళ్లేవాడు, చెల్లి వీధి చివర నిలబడేది. ఆ క్యూలోనే జూలూ తెగ ఆడవాళ్లు పరిచయమయ్యారు. కొండ పక్క ఇళ్ల నుంచి చంకలో పిల్లలతో, నెత్తిన డబ్బాలతో దిగి వచ్చేవాళ్లు. ముసలివాళ్ల డబ్బాలు మా వాళ్ల కారులో పైకి చేర్చడంతో మొదలైంది. తర్వాత ఒక గోగో, అంటే ఇక్కడ అవ్వను అలాగే పిలుస్తారు, ఇంట్లోకి రమ్మని కూర్చోబెట్టి పుటూ పెట్టింది. మొక్కజొన్న పిండితో చేసింది, మన సంకటిలాగే ఉంటుంది. పుల్లటి పెరుగు పోసుకుని తింటారు. ఆ గోగో ఇంట్లోనే మొదటి జూలూ ప్రార్థన కూడిక జరిగింది.

నేను వెళ్లిన ఆదివారం ఆరాధన ఒక స్కూలు హాల్లో. పొద్దున్నే మడత కుర్చీలు, కీబోర్డు, మైకు, స్పీకరు పెట్టె కారెక్కాయి. చెల్లి కొడుకు వైర్లు సర్దాడు, కూతురు చిన్నపిల్లల కోసం రంగు పెన్సిళ్ల డబ్బా పట్టుకుంది. మరిదిగారు ఇంగ్లిష్‌లో వాక్యం చెబుతుంటే ఒక కుర్రాడు పక్కన నిలబడి జూలూలోకి మార్చాడు. అతనికి ఒక చోట మాట తట్టక ఆగిపోతే, వెనక వరసలో కూర్చున్న మా పిల్ల చటుక్కున అందించింది. హాలంతా నవ్వింది. అది పుట్టింది ఒంగోలులో. బళ్లో జూలూ నేర్చుకుంది, ఆటల్లో నేర్చుకుంది. నాతో మాత్రం తెలుగు తడుముకుంటూ మాట్లాడుతుంది. ఆరాధన అయ్యాక అందరూ కలిసి కుర్చీలు మడిచారు. పెద్దవాళ్లు కూడా ఎవరూ చేతులు కట్టుకుని నిలబడలేదు. ఆ సంఘంలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

అమ్మ సంగతి చెల్లి తనంతట తాను ఎత్తలేదు. ఒక సాయంత్రం చిక్కుళ్లు ఒలుస్తుంటే నేనే అడిగాను. అమ్మ పోయినప్పుడు చెల్లివాళ్ల వీసా కాగితాలు రెన్యువల్‌కు వెళ్లి ఒక ఆఫీసులో ఇరుక్కుపోయి ఉన్నాయి. దేశం దాటితే మళ్లీ రానిస్తారో లేదో తెలియదు. భూస్థాపన ఫోన్లో చూసింది. మాకు పది గంటలంటే తనకు ఆరున్నర, ఇంకా పిల్లలు లేవలేదు.

"ఆ రోజు సాయంత్రం మా ఇంట్లో కూడిక ఉందక్కా. ఆయన ఆపేద్దామన్నారు. నేనే వద్దన్నాను. ఎవరు చెప్పారో ఏమో, గోగోవాళ్లు అందరూ వచ్చేశారు. లోపలికొచ్చి మంచం మీది పరుపు తీసి నేల మీద వేశారు. నన్ను దాని మీద కూర్చోబెట్టారు."

ఇక్కడ ఎవరైనా పోతే ఆ ఇంటి ఆడమనిషి అలా నేల మీద పరుపేసుకుని కూర్చుంటుంది, సాయంత్రాలు ఇరుగుపొరుగు వచ్చి చుట్టూ కూర్చుని పాడి ప్రార్థన చేస్తారు. మా అమ్మను వాళ్లు చూడలేదు. ఒంగోలు ఎక్కడుందో వాళ్లలో చాలామందికి తెలియదు. అయినా తమ ఇంట్లో ఎవరో పోయినట్టే చేశారు. వంట వాళ్లే చేశారు, పిల్లలకు అన్నం వాళ్లే పెట్టారు, రోజూ వచ్చారు. నాయుడు ఆంటీ కూడా వచ్చి వాళ్ల మధ్యే కూర్చుందట. పాస్టరమ్మ అందరినీ ఓదార్చాలి అనుకుంటాం కదా మనం. ఆ పరుపు మీద కూర్చున్నది పాస్టరమ్మ, ఓదార్చింది సంఘం. టొంగాట్‌లో సంఘ స్థాపన ఎప్పుడు జరిగిందని ఎవరైనా అడిగితే నేను ఆ సాయంత్రమనే చెబుతాను. హాలు అద్దెకు తీసుకున్న తేదీ నాకు ముఖ్యం కాదు.

కియర్స్‌నీకి నన్ను తీసుకెళ్లమని నేనే పట్టుబట్టాను. హైవే మీద ఉత్తరానికి వెళ్తే స్టాంగర్, ఇప్పటి పేరు క్వాదుకూజా. అక్కడ నుంచి లోపలికి మలుపులు తిరుగుతూ ఎక్కాలి. ఒకప్పుడు హ్యూలెట్ దొర తేయాకు తోటలున్న కొండలవి. 1911లో కూలీల రాక ఆగిపోయాక ఆకు కోసే చేతులు దొరక్క తేయాకు క్రమంగా పోయింది, చెరకు వచ్చింది. రంగయ్యగారు ఈ కొండల్లో తోట తోటకూ తిరిగారు. స్టాంగర్, డార్నల్, డర్బన్ దాకా సంఘాలు నిలిచాయి. 1915లో కన్నుమూశారు. తర్వాతి కాలంలో కొడుకు థియోడర్ అదే పనిలోకి వచ్చారు. ఆ పన్నెండేళ్లలో కనకమ్మగారు ఎలా బతికారు? కూలీ లైన్ల మధ్య పిల్లలను ఎలా సాకారు? కానుక డబ్బు ఆలస్యమైతే పొయ్యి ఎలా వెలిగింది? మా సంఘాల్లో రంగయ్యగారి పేరు విన్నాను, కనకమ్మగారి గురించి ఒక ప్రసంగం విన్న గుర్తు లేదు. రోడ్డు పక్కన కారు ఆపి చెల్లీ నేనూ ఆవిడ పేరు చెప్పుకుని ప్రార్థన చేశాం.

తిరుగు దారిలో గ్రౌట్‌విల్ వస్తుంది. ఆల్డిన్ గ్రౌట్ అనే అమెరికన్ మిషనరీ పేరు మీద ఆ ఊరు. ఆయన 1835లో దక్షిణాఫ్రికాకు వచ్చారు. మరుసటి ఏడాదే, నటాల్ చేరకముందే, భార్య హన్నా చనిపోయింది. వర్ణవివక్ష మీద పోరాడి 1960 సంవత్సరానికి నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ఆల్బర్ట్ లుథూలీ ఊరు కూడా ఇదే. ఇంటిని మ్యూజియం చేశారు, చర్చి దగ్గర సమాధి ఉంది. ఆయన పుట్టింది మాత్రం ఇక్కడ కాదు, రొడీషియాలో, అంటే ఇప్పటి జింబాబ్వేలో. తండ్రి అక్కడి మిషన్‌లో దుబాసీగా పనిచేస్తూ బిడ్డ చిన్నగా ఉండగానే పోయారు. తల్లి మ్టోన్యా కొడుకును ఈ ఊరికి చేర్చింది, కూరగాయలు పండించి, బట్టలు ఉతికి చదివించింది. పరాయి నేల మీద సేవ చేసిన ఇంటి బిడ్డే ఈ దేశానికి పెద్దదిక్కయ్యాడు. ఆ సమాధి దగ్గర మా చెల్లి కొడుకు చాలాసేపు నిలబడ్డాడు. వాడు మాటలు తక్కువ.

కారులో వాడే అడిగాడు, "పెద్దమ్మా, నేను ఎక్కడివాణ్ణి?" అని. ఒంగోలు వస్తే పిల్లలు వాడి యాసకు నవ్వుతారు. ఇక్కడ ఇండియన్ పిల్లలు వాణ్ణి ఇండియా వాడంటారు, జూలూ పిల్లలు ఇండియన్ అంటారు. నేను వాక్యం చెప్పి ఊరుకోబెట్టవచ్చు. అలా చేయాలనిపించలేదు. "నువ్వు అడగడం న్యాయమే నాన్నా" అన్నాను. మరిదిగారు అద్దంలో వాడి వైపు చూసి, "నాకూ తెలియాలని ఉందిరా" అన్నారు. తండ్రీకొడుకులు ఆ రాత్రి బయట మెట్ల మీద కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు.

వాడు వచ్చే ఏడాది మెట్రిక్, అంటే ఇక్కడి పన్నెండో తరగతి పరీక్ష, రాస్తాడు. ఆ తర్వాత కాలేజీ ఇక్కడా, ఇండియాలోనా? ఇక్కడైతే ఫీజు ఎవరు కడతారు? ఇండియాలో అయితే ఎవరింట్లో ఉంటాడు? చెల్లికి దాని మీదే టెన్షన్. మన సంఘాల దగ్గర మాత్రం ఆ మాట ఎత్తలేదు, కానుక కోసం అడుగుతున్నారనుకుంటారేమోనని. నేను ఒంగోలు రాగానే కమిటీ సెక్రటరీగారికి కాగితం రాసి ఇచ్చాను. వచ్చే మీటింగులో కొత్త హాలు స్థలం గురించి మాట్లాడే ముందు ఈ పిల్లవాడి చదువు సంగతి తేల్చాలని, ఇకనుంచి ఏడాదికోసారి ఆ నలుగురినీ ఇంటికి రప్పించే ఖర్చు మనమే పెట్టుకోవాలని. మొదటి దానికి ఒప్పుకున్నారు. రెండోది ఇంకా చర్చలో ఉంది. స్త్రీల కూడిక తరఫున ఆ ఖర్చులో సగం మేం తెస్తామని చెప్పి వచ్చాను.