టీచరమ్మే కౌన్సిలర్, టీచరమ్మే క్లబ్బు ప్రెసిడెంట్

మా పెద్దమ్మాయికి లెక్కలు చెప్పే టీచరే మా ఊరి హ్యాండ్‌బాల్ క్లబ్బుకి అధ్యక్షురాలు, ఆవిడే మున్సిపల్ కౌన్సిలర్ కూడా. ఈ మాట ఇండియాలో ఎవరికి చెప్పినా మొదట నమ్మరు, తర్వాత "ఏ పార్టీ? ఎంత వెనకేసింది?" అంటారు. కౌన్సిలర్‌కి కొద్దిపాటి భత్యం వస్తుంది, క్లబ్బు పదవికి అదీ లేదు.

మేముండేది జర్మనీలోని బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో, గ్యోపింగెన్ దగ్గర చిన్న ఊరు. ఈ చుట్టుపక్కల అందరికీ హ్యాండ్‌బాల్ పిచ్చి. జర్మనీ మొత్తంలో స్పోర్ట్స్ క్లబ్బులు 86,000 దాకా ఉన్నాయి, ఏడుగురు కలిస్తే కొత్తది రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఎక్కువగా నడిపేది ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు వచ్చేవాళ్లే. కోచ్‌లకి ముట్టేది తక్కువ, అందులో ఏడాదికి 3,300 యూరోల దాకా పన్ను ఉండదని 2026 నుంచి మార్చారు. పిల్లల ఫీజూ తక్కువే గానీ తల్లిదండ్రులు వంతు పని చేయాలి, మ్యాచ్ రోజున కేక్ తేవడమో, కాఫీ కౌంటర్లో నిలబడడమో.

మా నాన్న తెనాలి దగ్గర గవర్నమెంటు టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆయనకిది మింగుడుపడలేదు. మన దగ్గర సర్కారు టీచరు సర్పంచ్‌గా నిలబడాలన్నా ఉద్యోగం వదులుకోవాల్సిందే. ఇక్కడ పాఠం చెబుతూనే కౌన్సిల్లో కూర్చోవచ్చు. 2011లో ఈ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన విన్‌ఫ్రీడ్ క్రెచ్‌మన్ కూడా బయాలజీ, కెమిస్ట్రీ చెప్పిన మాస్టారే అంటే కాస్త మెత్తబడ్డారు.

టీచర్లు ఎందుకు గెలుస్తారో ఇక్కడి ఓటు పద్ధతి చూస్తే తెలుస్తుంది. కౌన్సిల్లో ఎన్ని సీట్లుంటే ఓటరుకి అన్ని ఓట్లు. నచ్చిన మనిషికి మూడు దాకా వేయొచ్చు, మిగతావి వేరే పార్టీల జాబితాల్లోంచి ఏరుకుని వేయొచ్చు, కాబట్టి పార్టీ పేరు కన్నా మొహం తెలిసి ఉండడం ముఖ్యం. ఏళ్ల తరబడి ఊరి పిల్లలకి లెక్కలు చెప్పి, శని ఆదివారాలు హాల్లో గడిపిన మనిషికి ఇంకా ప్రచారం దేనికి?

పదహారు నిండితే ఊరి ఎన్నికల్లో ఓటుంది. 2024 జూన్‌లో మా అమ్మాయి వేసింది, టీచరుకి మూడూ గుద్దేసిందట. మా ఆయన, పిల్లలు జర్మన్ పౌరసత్వం తీసుకున్నారు, నేను ఇండియా పాస్‌పోర్టు వదల్లేదు. రెండూ ఉంచుకోమని జర్మనీ 2024 నుంచి అంటోంది గానీ ఇండియా ఒప్పుకోదు. యూరోపియన్ యూనియన్ పుణ్యమా అని నిన్నగాక మొన్న దిగిన ఇటలీ వాళ్లకీ మూడు నెలలు తిరగ్గానే ఓటొస్తుంది, ఇన్నేళ్లుగా పన్ను కడుతున్న నాకు లేదు. దీని మీద నాకు కోపముంది, దాచను.

అయినా కౌన్సిల్ మీటింగ్ ఎవరైనా వెళ్లి చూడొచ్చు. ఒకసారి స్పోర్ట్స్ హాలు అద్దె విషయం వచ్చింది. ఆ క్లబ్బుకి అధ్యక్షురాలు కాబట్టి టీచరు ఆ చర్చలో ఉండకూడదు, ఆవిడ తన కుర్చీలోంచి లేచొచ్చి మా పక్క వరసలో కూర్చుని, ఓటింగ్ అయ్యాక మళ్లీ వెళ్లి తన చోట కూర్చున్నారు. ఎవరూ తల తిప్పి కూడా చూడలేదు. మా అమ్మాయికి ఇందులో వింతేమీ కనిపించలేదు, నేను మాత్రం నాన్నకి ఫోన్ చేసి మరీ చెప్పాను. మన ఊళ్లో అయితే కాంట్రాక్టు బిల్లు మీద సంతకం పెట్టే చెయ్యీ, డబ్బు తీసుకునే చెయ్యీ ఒకటేగా అన్నారాయన.

ఇప్పుడు అసలు గొడవ. అమ్మాయి లెక్కలు, స్పోర్ట్స్ టీచరు అవుతానంటోంది, వేసవి సెలవుల్లో కోచింగ్ లైసెన్స్ కోర్సు ఉందట, ఇండియా ప్రయాణం మానేస్తానంటోంది. ఇక్కడి తెలుగు స్నేహితులు మెడిసిన్ మార్కులొస్తుంటే ఇదేంటని నన్ను తినేస్తున్నారు. నాకు టీచరు ఉద్యోగంతో పేచీ లేదు, టీచరు కూతుర్నే. ఆ లెక్కల టీచరమ్మకి ఒక్క ఆదివారం కూడా సొంతం కాదే, అదే టెన్షన్. కోర్సుకి సరే అన్నాను, అమ్మమ్మని చూడ్డానికి డిసెంబర్లో వెళ్లాలన్న షరతు మీద.

హాలు అద్దె మళ్లీ చర్చకి వస్తోంది. ఓటు లేకపోయినా ఊళ్లో ఉండేవాళ్లు ప్రశ్నల సమయంలో లేచి అడగొచ్చు. అద్దె పెరిగితే పిల్లల ఫీజు ఎంత పెరుగుతుందో నేనే అడుగుదామనుకుంటున్నాను, ఆ చర్చలో టీచరు ఎలాగూ నోరు విప్పకూడదు కదా.