పాత స్పీకర్లకి ముందు రిపేరు, తర్వాతే అప్‌గ్రేడ్

1970ల నాటి స్పీకర్ల జత చేతికి చిక్కిందంటే చాలు, చాలామంది వెంటనే అడిగేది "కెపాసిటర్లు ఏ కంపెనీవి వేయాలి?" అని. ఆ ఉత్సాహం నాకు బాగా తెలుసు, నాకూ ఇదే పిచ్చి. కానీ యాభై ఏళ్ల స్పీకర్ ఇవాళ వినిపించేది దాని అసలు గొంతు కాదు. ఎండిపోయిన కెపాసిటర్లు (లోపలి సర్క్యూట్‌లోని చిన్న విడిభాగాలు), చిరిగిన ఫోమ్, చిలుము పట్టిన కంట్రోళ్లు, వీటన్నిటినీ దాటుకుని వస్తున్న గొంతు అది. ముందు దాన్ని తయారైనప్పటి స్థితికి తేవాలి, కొన్ని వారాలు తీరిగ్గా వినాలి, అప్పటికీ ఏదో లోటు అనిపిస్తే మార్పుల సంగతి చూడొచ్చు.

ఏ స్పీకర్ కొనాలి అంటే, ముందు మీ యాంప్లిఫైయర్‌ని చూసుకోండి, ఆ తర్వాతే స్పీకర్ పేరు. 1954లో ఎడ్గర్ విల్చర్ ఏఆర్-1 అనే స్పీకర్‌తో అకౌస్టిక్ సస్పెన్షన్ పద్ధతి తెచ్చాడు. గాలి చొరబడకుండా మూసిన పెట్టెలో ఉన్న గాలే వూఫర్‌ని (బేస్ పలికించే పెద్ద కోన్ ఉన్న భాగాన్ని) వెనక్కి లాగే స్ప్రింగ్‌గా పనిచేస్తుంది, అందుకే ఆ సైజు పెట్టె నుంచి అంత లోతైన బేస్ వచ్చింది. ఏఆర్-3ఏ, లార్జ్ అడ్వెంట్ లాంటివన్నీ ఆ దారిలో వచ్చినవే. ఆ బేస్ ఊరికే రాదు, పవర్ బాగా లాగుతాయి, పైగా ఏఆర్-3ఏ 4 ఓమ్స్ స్పీకర్ (ఓమ్స్ తగ్గేకొద్దీ యాంప్లిఫైయర్ మీద భారం పెరుగుతుంది), కాబట్టి 4 ఓమ్స్‌ని తట్టుకోలేని యాంప్లిఫైయర్ అయితే దాని జోలికి పోకండి. అదే క్లిప్ష్ హెరెసీ అయితే ఒక్క వాట్‌కి 96 డెసిబెల్స్ దరిదాపుల్లో ఇస్తుంది, చిన్న ట్యూబ్ యాంప్ కూడా దానికి చాలు. 10 డెసిబెల్స్ తేడా అంటే అదే సౌండ్ రావడానికి పది రెట్ల పవర్ కావాలని అర్థం, ఈ ఒక్క లెక్క గుర్తుంటే సగం తప్పులు తప్పుతాయి. చిన్న గదిలో దగ్గరగా కూర్చుని పాట వినే వాళ్లకి బీబీసీ తన బయటి ప్రసారాల వ్యాన్ల లాంటి ఇరుకు చోట్ల కోసం డిజైన్ చేసిన ఎల్ఎస్3/5ఏ తరహా స్పీకర్లంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. బేస్ తక్కువే, కానీ మనిషి గొంతు అంత సహజంగా పలికించేవి చాలా కొద్ది.

చూడటానికి వెళ్లినప్పుడు గ్రిల్ తీయించకుండా బేరం మొదలుపెట్టొద్దు. వూఫర్ అంచున ఉండే ఫోమ్ రింగ్‌ని వేలితో మెల్లగా తాకండి, పొడిలా రాలితే ఫోమ్ పోయినట్టే. ఫోమ్ గాలిలోని తేమకి ఇరవై ఏళ్లలోపే కుళ్లిపోవడం మామూలే, వాడినా వాడకపోయినా. రబ్బరు, బట్టతో చేసిన సరౌండ్‌లు (అంచు రింగులు) చాలా ఎక్కువ కాలం ఉంటాయి. తర్వాత రెండు బొటనవేళ్లతో కోన్‌ని రెండు పక్కలా సమానంగా, నెమ్మదిగా లోపలికి నొక్కండి. గరగరమని రాపిడి వినిపిస్తే వాయిస్ కాయిల్ (కోన్‌ని కదిలించే తీగచుట్ట) పక్కకి జరిగిందనో కాలి ఉబ్బిందనో అనుకోవచ్చు. ఫోమ్ చిరగడం నాకు పెద్ద విషయం కాదు, కాయిల్ కాలితే మాత్రం ఆలోచిస్తాను. మల్టీమీటర్ పెడితే 8 ఓమ్స్ స్పీకర్ సాధారణంగా 6, 7 మధ్య చూపిస్తుంది, కంగారు పడకండి, అది సహజం. అయితే టెర్మినల్స్ దగ్గర కొలిచినది వూఫర్‌ని మాత్రమే. ట్వీటర్‌కి (సన్నటి శబ్దాలు పలికించే చిన్న భాగానికి) ముందు కెపాసిటర్ ఉంటుంది కాబట్టి అది బతికుందో లేదో మీటర్ చెప్పదు, దగ్గరగా చెవి పెట్టి వినాల్సిందే.

ఫోమ్ మార్చడం ఇంట్లోనే చేసుకోగలిగిన పని, ఓపిక ఉండాలి అంతే. పాత ఫోమ్ జిగురు జిగురుగా నల్లగా చేతికి అంటుకుంటుంది, దాన్ని కోన్ అంచు నుంచి చిరగకుండా గీకి తీయడానికే ఎక్కువ టైమ్ పడుతుంది. అంచు శుభ్రంగా లేకపోతే కొత్త జిగురు పట్టదు. ముందు ఫోమ్‌ని కోన్‌కి అతికించి ఆరనివ్వాలి, ఆ తర్వాత ఫ్రేమ్‌కి. ఫ్రేమ్‌కి అతికించేటప్పుడే అసలు పరీక్ష: కాయిల్ మాగ్నెట్ సందులో సరిగ్గా మధ్యలో నిలవాలి. కొందరు మధ్యలో ఉన్న డస్ట్ క్యాప్ కోసి లోపల సన్నటి ప్లాస్టిక్ పట్టీలు పెడతారు. నేను క్యాప్ ముట్టుకోకుండా, జిగురు ఇంకా పచ్చిగా ఉండగానే, తక్కువ వాల్యూమ్‌లో 30 హెర్ట్జ్ టోన్ ప్లే చేస్తాను. కోన్ ఊగుతుండగా వేళ్లతో అంచుని కొద్ది కొద్దిగా జరుపుతూ పోతే, ఒకచోట రాపిడి పూర్తిగా మాయమై శుభ్రమైన సన్నటి ఊపు మాత్రమే మిగులుతుంది. అక్కడే ఆపి నొక్కి ఉంచాలి. మూసిన పెట్టె స్పీకరైతే వూఫర్ బిగించేటప్పుడు చుట్టూ గాలి పోకుండా సీల్ చేయడం మరిచిపోవద్దు, లీకైతే బేస్ పోతుంది.

క్రాసోవర్ (శబ్దాన్ని వూఫర్‌కి, ట్వీటర్‌కి పంచే సర్క్యూట్) విషయానికొస్తే, అందులోని నాన్-పోలార్ ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల విలువ కాలం గడిచేకొద్దీ మారిపోతుంది. అవి మార్చాలి, సందేహం లేదు. వాటి స్థానంలో ఖరీదైన ఫిల్మ్ కెపాసిటర్లు వేస్తే ట్వీటర్ మునుపటికంటే కొంచెం గట్టిగా, ఒక్కోసారి కరుకుగా పలుకుతుంది. పాతదాంట్లో సహజంగా ఉండే చిన్న రెసిస్టెన్స్ కొత్తదాంట్లో లేకపోవడమే కారణం, డిజైనర్ దాన్ని కూడా లెక్కలోకి తీసుకుని ఉండొచ్చు. అలాంటప్పుడు అర ఓమ్ రెసిస్టర్ సిరీస్‌లో వేసి వింటే తేడా తెలుస్తుంది. ఏఆర్-3ఏలో 150 మైక్రోఫారడ్ లాంటి పెద్ద విలువలున్నచోట కొత్త నాన్-పోలార్ ఎలక్ట్రోలైటిక్ వేస్తే సరిపోతుంది. ఏఆర్-3ఏ వెనక ఉండే లెవెల్ కంట్రోళ్లు చిలుముపడితే మిడ్‌రేంజ్ (మధ్య శబ్దాలు పలికించే భాగం), ట్వీటర్ వస్తూ పోతూ ఉంటాయి. అది చూసి ట్వీటర్ చచ్చిపోయిందనుకుని కొత్తది కొనేస్తారు, ఎంత బాధగా ఉంటుందో.

డ్రైవర్లు (వూఫర్, ట్వీటర్ లాంటివి) మార్చేద్దాం అనే ఆలోచన మాత్రం నాకు అస్సలు నచ్చదు. అకౌస్టిక్ సస్పెన్షన్ పెట్టెకి మెత్తని సస్పెన్షన్ ఉన్న వూఫర్ కావాలి, అదే సైజు కదా అని ఈ కాలపు బిగుతు వూఫర్ పెడితే రెజొనెన్స్ (వూఫర్ తనంతట తానే ఎక్కువగా ఊగే ఫ్రీక్వెన్సీ) పైకి పోయి బేస్ తగ్గిపోతుంది. పైగా క్రాసోవర్ ఆ పాత డ్రైవర్ స్వభావానికి తగ్గట్టు చేసినది. సరైన పాత డ్రైవర్ దొరికేదాకా ఆగడమే మేలు.

ఒక చిన్న విషయం, పోలారిటీ, అంటే ప్లస్, మైనస్ వైర్ల దిశ. 1.5 వోల్ట్ బ్యాటరీ ప్లస్‌ని ఎర్ర టెర్మినల్‌కి తాకిస్తే కోన్ ముందుకు రావాలి. పాత జేబీఎల్ డ్రైవర్లు మాత్రం దీనికి తలకిందులు, ఎర్ర టెర్మినల్‌కి ప్లస్ తగిలితే లోపలికి పోతాయి. అది లోపమనుకుని వైర్లు మార్చొద్దు, రెండు స్పీకర్లూ ఒకే వైపు కదిలితే చాలు.

ఇవన్నీ అయ్యాక ఇంకేమైనా మార్చాలనిపిస్తే మొదట స్పీకర్లు పెట్టిన చోటు మార్చి చూడండి. గోడ నుంచి కొద్ది కొద్దిగా ముందుకు జరుపుతూ ఒకే పాట మళ్లీ మళ్లీ వినండి. మూలకి ఆనించి ఉంటే బేస్ బాగా ఎక్కువై గొంతు మీద పడుతుంది, ముందుకి తెస్తే అది తగ్గి గాయకుడు రెండు స్పీకర్ల మధ్యలో నిలబడి పాడుతున్నట్టు వినిపించే చోటు ఒకటి దొరుకుతుంది. ట్వీటర్ చెవి ఎత్తులో ఉండేలా స్టాండ్ ఎత్తు చూసుకోండి. కెపాసిటర్ల బ్రాండ్ గురించి చర్చ ఆ తర్వాత పెట్టుకుందాం, నేను తప్పకుండా వస్తాను.