రసీదు పుస్తకం మీద జెండా

కార్మిక సంఘంలో చేరమని సహోద్యోగి రసీదు పుస్తకం తెచ్చినప్పుడు నేను ఓవర్‌టైమ్ గురించి అడగలేదు. "మీది ఏ పార్టీ?" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది.

చందా ఇవ్వడానికి బాధ లేదు. నా ఓటు వేరు, ఆ జెండా వేరు. సంఘం సొంత పార్టీ గద్దెనెక్కగానే సమ్మె నోటీసు సొరుగులోకి పోవడం చూశాను మరి.

బ్రిటన్‌లో 1927 చట్టం, సభ్యుడు రాసిస్తేనే సంఘం తన రాజకీయ నిధికి, అంటే పార్టీ, రాజకీయ ఖర్చులకు వాడే డబ్బుకు, చందా తీసుకోవాలంది. చెల్లించేవారు బాగా తగ్గారు. 1946లో దాన్ని తిరగేశారు: వద్దని రాసిస్తేనే మినహాయింపు. మళ్లీ పెరిగారు! చాలామందికి అభిమానమూ లేదు, అభ్యంతరమూ లేదు, ఉన్నది బద్ధకమేనేమో.

గత వారం నాకు మెమో వచ్చింది. పక్కన కూర్చుని జవాబు రాయించింది ఆయనే. పార్టీ ఊసెత్తలేదు. నేను రసీదు ఇంకా తీసుకోలేదు.