ఖాళీ గడి, నాలుగు కొవ్వొత్తులు

జర్మనీ వచ్చిన మొదటి నెలలోనే నేను ఒక గడి ఖాళీగా వదిలేశాను. ఇక్కడ ఇల్లు దొరకగానే ఊరి ఆఫీసుకి వెళ్లి పేరు నమోదు చేయించుకోవాలి. ఆ ఫారంలో మతం అని ఒక గడి ఉంటుంది. అందులో 'ఎవాంగెలిష్', అంటే ప్రొటెస్టెంట్, అని రాస్తే జీతంలోంచి చర్చి పన్ను పట్టుకుంటారు. మేముండే బ్రౌన్‌ష్వైగ్‌లో అది మనం కట్టే ఆదాయపు పన్ను మీద 9 శాతం. మావారి ఆఫీసులో తెలుగు కుర్రాళ్లు ముందే హెచ్చరించారు, "అక్కా, అక్కడేమీ రాయకండి, నెలనెలా బొక్క" అని. రాయలేదు. గుంటూరు లూథరన్ సంఘంలో పుట్టి, సండేస్కూల్లో పెరిగి, కానుక కవరు మర్చిపోతే అమ్మ చేత తిట్లు తిన్నదాన్ని. అయినా ఆ రోజు నా చెయ్యి ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. ఇప్పటికీ గుచ్చుకునేది అదే.

ఆ ఏడాది క్రిస్మస్‌కి లోటేమీ చేయలేదు. డోమ్ అనే పాత పెద్ద చర్చి చుట్టూ, కంచు సింహం ఉన్న బుర్గ్‌ప్లాట్స్‌లో క్రిస్మస్ సంత పెడతారు. వారం వారం వెళ్లాం. వేయించిన బాదంపప్పు, దీపాలు, ఫోటోలు. పన్నెండో శతాబ్దంలో కట్టడం మొదలుపెట్టిన ఆ చర్చి ముందు బోలెడు సెల్ఫీలు దిగాం కానీ గుమ్మం దాటి లోపలికి వెళ్లలేదు. 24న సాయంత్రం ఊరంతా సందడిగా ఉంటుందని బయల్దేరితే వీధులు కర్ఫ్యూ పెట్టినట్టున్నాయి. మధ్యాహ్నం రెండింటికే కొట్లు మూసేస్తారని మాకు తెలీదు. 25, 26 రెండు రోజులూ సెలవే. ఇంట్లో ఉన్న గుడ్లతోనే పండగ అయింది. రాత్రి ఫోన్లో గుంటూరు ఆరాధన లైవ్ పెట్టుకుని, అది ఆగి ఆగి వస్తుంటే నిద్రపోయాం.

పొద్దున్నే అమ్మ ఫోన్. మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగింది: "వాక్యం ఏం చెప్పారమ్మా?" ఏం చెప్పను? నెట్ సరిగ్గా లేదన్నాను.

మరుసటి ఏడాది ఏదో గట్టి తీర్మానం చేసుకున్నానని చెప్పలేను. మా కింది వాటాలో ఒక పెద్దావిడ ఉంటారు. నవంబరు చివర్లో ఓ ఆదివారం టీకి పిలిచారు. బల్ల మీద పచ్చటి కొమ్మల చక్రం, దాని మీద నాలుగు కొవ్వొత్తులు. ఒక్కటే వెలిగించారు. మా పాప మిగతావి కూడా వెలిగించమని గొడవ. ఆవిడ నవ్వి, క్రిస్మస్ దాకా ఆదివారానికొకటి, వచ్చే ఆదివారం రెండోది అన్నారు. 1839లో హాంబర్గ్‌లో విఖెర్న్ అనే పాస్టరు, తాను నడిపే పేదపిల్లల ఆశ్రమంలో క్రిస్మస్ ఎప్పుడని పిల్లలు రోజూ ప్రాణం తీస్తుంటే, బండిచక్రం మీద 20 చిన్నవి, ఆదివారాలకి 4 పెద్దవి కొవ్వొత్తులు పెట్టి రోజుకొకటి వెలిగించాడట. అక్కడి నుంచి వచ్చిన అలవాటు ఇది.

నాకు మన సెమీ క్రిస్మస్‌లు గుర్తొచ్చాయి. డిసెంబరు మొదలవ్వగానే ఆఫీసుకొకటి, అపార్ట్‌మెంటుకొకటి. కేకులు కోసి కోసి 25 వచ్చేసరికి నోరు మొద్దుబారిపోతుంది. తప్పని అనను, నాకూ ఇష్టమే. కానీ ఎదురుచూడటం అనే పని నేను చిన్నప్పటి నుంచీ ఎప్పుడూ చేయలేదని ఆ ఒక్క కొవ్వొత్తి ముందు తెలిసింది.

అమ్మకి చెబితే ఆవిడే దారి చూపించింది. లూకా సువార్తలో 24 అధ్యాయాలు. డిసెంబరు 1 నుంచి రోజుకొకటి చదివి వాట్సాప్‌లో వాయిస్ పెడతానంది. మేం ఉదయం టిఫిన్ దగ్గర వినాలి. మొదటి అధ్యాయమే 80 వచనాలు! పాప స్కూలు బస్సు తప్పిపోయింది. తర్వాత నుంచి పెద్ద అధ్యాయాలు ఉన్న రోజు అరగంట ముందు లేవడం, కొన్ని రోజులు అసలు కుదరక రాత్రి రెండూ కలిపి వినడం. తొమ్మిదో రోజు నేనే ఎగ్గొట్టాను, అమ్మకి చెప్పలేదు.

ఆదివారాలు దగ్గర్లో ఉన్న చర్చికి వెళ్లడం మొదలుపెట్టాం. ప్రసంగం పావు వంతు అర్థమైతే గొప్ప. కానీ ఆరాధన క్రమం మాకు తెలిసిందే. విశ్వాస ప్రమాణం ఎక్కడొస్తుందో, పరలోక ప్రార్థన ఎప్పుడో ఒళ్లే చెప్పేసింది. నేను తెలుగులో గొణుక్కున్నాను. అందరూ ఆమెన్ అనేసరికి నాదీ అయిపోయింది.

ఆ పాస్టరమ్మగారికే గడి సంగతి చెప్పాను. కోప్పడలేదు. బాప్తిస్మ సర్టిఫికెట్ తెప్పించుకోమన్నారు. అది చూసి, గుంటూరులో లూథరన్లు ఎలా వచ్చారని అడిగారు. హెయర్ అయ్యగారి గురించి చెప్పాను. 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టిన అమెరికా మిషనరీ అని మనందరికీ తెలుసు. పుట్టింది మాత్రం 1793లో, హెల్మ్‌స్టెట్‌లో. బ్రౌన్‌ష్వైగ్ నుంచి రైల్లో అరగంట దూరం! ఆయన పద్నాలుగేళ్లకే అమెరికా వెళ్లిపోయాడు. ఓ శనివారం ఆ ఊరు వెళ్లొచ్చాం. చలికి వణుకుతూ సెయింట్ స్టెఫానీ చర్చి చుట్టూ ఒక తిప్పు తిరిగి, బేకరీలో కూర్చున్నాం. చూడ్డానికి ఇంతేనా అన్నారు మావారు. అంతే. నేను మాత్రం కిటికీలోంచి ఆ వీధినే చూస్తూ కూర్చున్నాను. ఈ వీధుల్లో తిరిగిన పిల్లాడు మోసుకెళ్లింది మా తాతల దాకా వస్తే, నేను 9 శాతానికి భయపడి దాన్ని ఫారంలో దాచాను.

జనవరి నుంచి జీతంలో ఆ కోత పడుతోంది. మావారు పేస్లిప్ చూసి ఇప్పటికీ నిట్టూరుస్తారు.

దానికి ముందు, ఆ డిసెంబరు 24న మధ్యాహ్నమే సరుకులు తెచ్చేసుకున్నాం. సాయంత్రం చర్చిలో పిల్లల నాటిక, మా పాప గొర్రెపిల్ల. రాత్రి పదకొండింటికి మళ్లీ ఆరాధన. లూకా రెండో అధ్యాయం పాస్టరమ్మగారు జర్మన్‌లో చదువుతుంటే, ఒళ్లో తెలుగు బైబిలు తెరిచి వేలు పెట్టుకుని వెంట వెళ్లాను. గొర్రెల కాపరుల దగ్గర ఇద్దరం కలిశాం.

బయటికొచ్చేసరికి పన్నెండు దాటింది. గుంటూరులో తెల్లవారుజామున నాలుగున్నర. అమ్మ ఆటోలో ఉంది, చర్చికి వెళ్తోంది. హారన్ల మధ్య గట్టిగా అరిచింది.

"వాక్యం ఏం చెప్పారమ్మా?"

ఫోన్ చెవికి ఆనించుకుని చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఉండగానే ఆవిడ, "ఉండుండు, ఆటో అబ్బాయికి చిల్లర ఇవ్వాలి" అంది.